కాకి నోట అత్తయ్య మాట

"ఒప్పుకున్నరు! మన పిట్టలను ఒప్పుకున్నరు బిడ్డా!"

గేటు తీయకముందే జానయ్య వేసిన ఆ కేకకు సౌజన్య ఉలిక్కిపడింది. అప్పుడామె వరండాలో చాప మీద కూర్చుని, రెండు గుండుసూదులు పెదవుల మధ్య బిగించి, పాలపిట్ట తోకకు చివరి ఈక అంటిస్తోంది. సూదులు తీసేలోపే నవ్వు వచ్చేసింది. ఒకటి ఒళ్లో పడింది, రెండోది ఎక్కడ పడిందో ఎంత వెతికినా దొరకలేదు.

"నిజంగానా బాబాయ్ గారూ? అందరూ ఒప్పుకున్నారా?"

"అందరంటె అందరు. రేపు సద్దుల బతుకమ్మ గద, గ్రౌండ్ల స్టేజి పక్కన బల్ల ఏస్తరంట. ఆట షురూ గాకముందు మీ పిట్టలు మాట్లాడాలె. ఇస్కూళ్లు లేక పిలగాండ్లు ఇండ్లళ్ల దుమ్ము లేపుతున్నరు, గివి చూసన్న జరసేపు కుదురుగ కూసుంటరని ఆడోళ్లందరు ఒక్కమాట మీద ఉన్నరు."

సౌజన్యకు చప్పట్లు కొట్టాలనిపించి చేతులు చూసుకుంది. రెండు అరచేతులూ గోధుమపిండి జిగురుతో అంటుకుపోతున్నాయి. అయినా కొట్టింది.

జానయ్య, సౌజన్య భర్త మహిపాల్ ఒకే బస్సు డిపోలో పనిచేస్తారు. ఆయన డ్రైవరు, ఇతను మెకానిక్కు. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోలోనే ఆగిపోయి రెండు వారాలైంది. జానయ్య పొద్దున లేస్తే ఎల్బీనగర్ చౌరస్తా దగ్గరి దీక్ష టెంటులో ఉంటాడు. మహిపాల్ పొద్దున అక్కడే కూర్చుని, మధ్యాహ్నం ఇంటికొచ్చి పక్షులు చేస్తాడు.

ఈ పక్షుల పిచ్చి మాత్రం సౌజన్యది. పెళ్లైన కొత్తలో ఇద్దరూ ఊరి బయటి వినోదాల పార్కుకు వెళ్లారు. అక్కడొక చీకటి గది. లోపలికి అడుగుపెట్టగానే దీపాలు వెలిగాయి. పైన కొమ్మల మీద ఇరవై బొమ్మపక్షులు ఒక్కసారిగా తలలు తిప్పి, రెక్కలు విదిల్చి, ముక్కులు తెరిచి కబుర్లు మొదలుపెట్టాయి. జనం ఒకసారి చూసి బయటికి నడిచారు. సౌజన్య మూడు ఆటలు చూసింది. మూడో ఆటలో మహిపాల్ పక్షులను చూడనే లేదు, నోరు తెరుచుకుని నిలబడ్డ పెళ్లాన్ని చూస్తూ ఉండిపోయాడు. బయటికొచ్చి ఐస్‌క్రీం తింటూ, "లోపలున్నవి మోటర్లే గద. గిసొంటివి మనింట్లనే జేస్కోవచ్చు" అన్నాడు. ఆ మాటను అతను అక్కడే మరిచిపోయాడు. సమ్మె వచ్చి అతని చేతులు ఖాళీ అయ్యేదాకా ఆమె మరవలేదు.

మూసారాంబాగ్ వంతెన పక్కన పాత సామాన్ల దుకాణంలో దొరికిన కారు వైపరు మోటరు పాలపిట్ట రెక్కలకు సరిపోయింది. బొమ్మకార్లలోంచి పీకిన చిన్న మోటర్లు ముక్కులకు. ఒక పక్క ఉబ్బెత్తుగా కోసిన చెక్కబిళ్ల తిరుగుతుంటే, ఉబ్బు పైకి వచ్చినప్పుడల్లా సైకిలు పుల్ల లేస్తుంది. పుల్ల లేస్తే దారం గుంజుకుంటుంది. దారం గుంజుకుంటే ముక్కు తెరుచుకుంటుంది. ఇది మొదటిసారి పనిచేసిన రోజు మొగుడూ పెళ్లాలు చేతులు పట్టుకుని వరండాలో గుండ్రంగా తిరిగారు. కుట్టుమిషను ముందు కూర్చున్న అత్తగారు అండాలమ్మ కళ్లజోడు మీదుగా చూసి, "పిట్టలకంటె మీకే ఎక్కువ కీ ఇచ్చినట్టున్నరు" అంది.

అండాలమ్మది నల్లగొండ దగ్గర పల్లె. భర్త పోయాక కొడుకు చదువు కోసం కర్మన్‌ఘాట్ వచ్చి, మిషను కుట్టి, ఈ రెండు గదుల ఇల్లు నిలబెట్టింది. సౌజన్య పుట్టింటివాళ్లు తెనాలి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డారు. కొత్తపేట దగ్గర బస్సు చెడిపోయి, డిగ్రీ పరీక్షకు ఆలస్యమవుతోందని ఏడుపు ముఖంతో నిలబడ్డ అమ్మాయినీ, బస్సు కింది నుంచి నల్లటి ముఖంతో బయటికొచ్చి "ఐదే నిమిషాలు మేడం" అన్న మెకానిక్కునూ ఆ దేవుడే కలిపాడని సౌజన్య నమ్మకం. పెళ్లై ఐదు నెలలైంది. అత్తయ్య ముందు భర్తను "ఏవండీ" అంటుంది, ఎవరూ లేనప్పుడు "మహీ" అంటుంది. అప్పుడప్పుడు రెండూ కలిసిపోయి "మహండీ" అని వస్తే అండాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

పక్షులు మూడు. ఆకుపచ్చ సాటిన్ జాకెట్టు గుడ్డతో రామచిలుక. దసరా నాడు పాలపిట్టను చూడాలె, ఈ పట్నంల ఏడ దొరుకుతది, ఒకటి జేసి పెట్టుండ్రి అని అండాలమ్మ అడిగితే పాలపిట్ట. కాకి కూడా ఆమె మాట మీదే పుట్టింది. "కాకి లేని చెట్టుంటదా?" అని తన పాత గొడుగు గుడ్డ తెచ్చి, ఒక్కో ఈకా కత్తిరించి, అంచులు మడిచి మిషను మీద కుట్టి ఇచ్చింది. నూటికి పైగా ఈకలు. మూడింటిలోకీ అదే ముద్దొచ్చేది.

ఆ కాకికి మాటలు పెట్టింది సౌజన్య.

"ఏదీ, ఒకపారి నడిపియ్ రాదు" అన్నాడు జానయ్య, కుర్చీ లాక్కుని. "రేపు నేను ఆడోళ్ల ముంగట గొప్పలు చెప్పాల్నంటె ముందు నేను జూడాలె గద. అక్కా! ఓ అండాలక్కా! నువ్వు గూడ రా."

అండాలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది. "నాకు గూడ ఇనిపియ్యలే వీళ్లు. నేను గుడికి పోయిన దినం తలుపులు వెట్టుకొని రికార్డు చేసిండ్రంట. సూద్దాం పా, నా కాకి ఏం మాట్లాడుతదో."

లోపలి నుంచి వచ్చిన మహిపాల్ సౌజన్య వైపు ఒకసారి చూశాడు. ఏదో అనబోయి, ఆమె ముఖంలో వెలుగు చూసి ఆగిపోయాడు. ఆ చూపు సంగతి ఆమెకు తర్వాత గుర్తుకొచ్చింది. అప్పుడు మాత్రం ఆమె ఫోనును స్పీకర్లకు తగిలించే హడావుడిలో ఉంది. కరెంటు లేదు, అయినా బ్యాటరీ ఉంది. మహిపాల్ స్విచ్ నొక్కాడు.

పాలపిట్ట రెక్కలు విప్పింది. నీలం గుడ్డ మధ్యాహ్నపు ఎండలో తళుక్కుమంది. "ఓరి నీ!" అన్నాడు జానయ్య. రామచిలుక తల తిప్పి ముక్కు తెరిచింది. దానిది మహిపాల్ గొంతు. కాలేజీలో నేర్చుకున్న, రేడియో వార్తల్లా ఇస్త్రీ చేసిన గొంతు.

"నమస్కారం. పక్షుల సభకు స్వాగతం. ఈనాటి సభకు అందరూ విచ్చేశారా?"

కాకి ముక్కు తెరిచింది. దానిది సౌజన్య గొంతు, బొంగురు చేసి, సాగదీసి పలికింది.

"ఏంది వయా! గింత పొద్దుగాల్నే గీ లొల్లేంది? నాకేం సమజైతలే!"

అండాలమ్మ ముఖం విప్పారింది. "అరె! గిది మా లెక్కనే మాట్లాడుతుంది!" అని గడప మీద నుంచి ముందుకు వంగింది. ఊరి మనిషి ఎదురుపడితే పలకరించడానికి వంగినట్టు వంగింది.

"కాకీ, సభలో అలా మాట్లాడకూడదు" అంది చిలుక. "ముందు చక్కగా మాట్లాడటం నేర్చుకో."

"నాకు గింతే వస్తది. నాకు మాట రాకున్న బువ్వ మస్తు తినొస్తది!"

పాలపిట్ట నవ్వింది. దానికి మాటలు లేవు, నవ్వు ఒక్కటే. ఆ నవ్వూ సౌజన్యదే. రికార్డు చేసిన రోజు నిజంగా ఆపుకోలేక నవ్వింది, కడుపు పట్టుకుని నవ్వింది, బాగుంది కదా అని దాన్ని అలాగే ఉంచేసింది.

"ఈ సభకు ఆపద వస్తే ఎవరు కాపాడతారు?" అని అడిగింది చిలుక.

కాకి తల ఊపింది. "ఏం పరేషాన్ గాకుండ్రి, నేనున్న!" అంది. వెంటనే స్పీకర్లలోంచి దబ్బున కింద పడ్డ చప్పుడు. ఆ చప్పుడు కోసం సౌజన్య ఆ రోజు స్టీలు బిందెను పడేసింది. పాలపిట్ట మళ్లీ నవ్వింది. నవ్వుతూనే ఉంది.

ఆ నవ్వు వింటూ సౌజన్య అత్తయ్య ముఖంలోకి చూసింది. ముందుకు వంగిన మనిషి అలాగే ఉంది. ముఖంలో పలకరింపు మాత్రం పోయింది. ఎవరినో తెలిసినవాళ్లనుకుని పిలిచి, కాదని తెలిసి, పిలిచినందుకు సిగ్గుపడ్డట్టుంది.

మొన్న శ్రావణంలో సౌజన్యకు జ్వరం వచ్చింది. పుట్టింటికి పోతానని చిన్నపిల్లలా ఏడ్చింది. అప్పుడు అండాలమ్మ తడిగుడ్డ నుదుటి మీద వేసి, వేసిన ప్రతిసారీ ఒకే మాట అంది. ఏం పరేషాన్ గాకు బిడ్డా, నేనున్న. ఆ మాటను తీసుకెళ్లి కాకి నోట్లో పెట్టినట్టు సౌజన్యకు ఈ క్షణం దాకా తెలియలేదు. తెలియలేదంటే తెలుసు. రాసేటప్పుడు చేతికి దొరికింది, బాగా నప్పింది, పెట్టేసింది. ఎవరిదని ఆలోచించలేదు.

మహిపాల్ స్విచ్ ఆపాడు. పాలపిట్ట ఒక రెక్క లేచి, ఇంకొకటి దిగి, అట్లాగే నిలిచిపోయింది.

"గా కాకికి మాట రాదా బిడ్డా?" అని అడిగింది అండాలమ్మ. దెప్పుతున్నట్టు లేదు. తెలియక అడుగుతున్నట్టే ఉంది.

సౌజన్యకు తల కొట్టేసినట్టయింది. అండాలమ్మ కాసేపు చూసి, మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచి, లోపలికి వెళ్లింది.

జానయ్య మెడలో తువ్వాలు తీసి మడత పెట్టాడు, మళ్లీ విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు. "బిడ్డా, నువ్వు మంచిదానివే. నిన్ను నేనేమంటలే. కాని మేము గా టెంటుల దేనికి కూసున్నమనుకున్నవ్? నీళ్లు, కొలువులు అని బోర్డు మీద రాస్తం. మా మాటకు నవ్వుతరు గద, గిది గూడ ఉంటది లోపల. గిది బోర్డు మీద ఎట్ల రాయాల్నో తెల్వక రాయం, గంతే."

"నేను... అలా అనుకుని చేయలేదు బాబాయ్ గారూ."

"అనుకోలేదని నాకు ఎరికే. అనుకొని చేస్తె కొట్లాడుదుం." ఆయన లేచాడు. "రేపు నేను ఆడోళ్లకు మోటరు కాలిందని చెప్త. ఫికర్ జెయ్యకు."

కాలని మోటరు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. గేటు తీసినప్పుడు ఎంత సంబరంగా తీశాడో, వేసినప్పుడు అంత మెల్లగా వేశాడు.

పావుగంటకు అండాలమ్మ ట్రే పట్టుకుని వచ్చింది. ఆ ఇంట్లో ట్రే ఎప్పుడూ దించరు. పెళ్లిలో వచ్చిన ట్రే అది, అట్టపెట్టెలోనే ఉంటుంది.

"టీ... తీసుకో అమ్మా. చక్కెర సరిపోయిందో లేదో చూడు."

రోజూ అయితే గిన్నె చప్పుడు కంటే ముందు కేక వస్తుంది: ఓ పిల్లా, చాయ్ సల్లగైతది, ఏం జేస్తున్నవ్ ఆడ! సౌజన్య కప్పు అందుకుంది.

"అమ్మా, ఏందట్ల మాట్లాడుతున్నవ్?" అన్నాడు మహిపాల్.

"ఎట్ల... ఎలా మాట్లాడుతున్నాను?" అంది అండాలమ్మ. ఒక్కో మాటా రాళ్ల మీద కాలు మోపి వాగు దాటుతున్నట్టు పలికింది. "బాగానే మాట్లాడుతున్నాను కదా. భోజనం... ఎప్పుడు చేస్తారు?"

మహిపాల్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆమె నవ్వించడానికి అనడం లేదు. కోడలి ముందు తప్పు రాకూడదని జాగ్రత్తపడుతోంది.

సౌజన్య లేచి పెరట్లోకి వెళ్లి ముఖం కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. తిట్టినా బాగుండేది. నాలుగు మాటలు అని, నీ పుట్టింట్ల గిదే నేర్పిండ్రా అన్నా పడేది. ఇట్లా మర్యాదలు చేస్తే ఎట్లా భరించాలి? తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర పూలమ్మే ఎల్లమ్మతో అత్తయ్య గొంతు గలగలా వినబడుతోంది: "గీ గునుగేంది ఎల్లమ్మా, గింత వాడిపోయింది? నిన్నటిదా మొన్నటిదా? నాకు తెల్వదనుకున్నవా!" సౌజన్య అడుగు వరండాలో పడగానే ఆ గొంతు తగ్గింది. ఎల్లమ్మ ఆశ్చర్యంగా చూస్తుంటే అండాలమ్మ మెల్లగా, "తంగేడు ఉన్నదా... ఉందా?" అని అడిగింది.

ఉన్న చోట ఉండలేక సౌజన్య మేడమెట్లెక్కింది. వెనకే మహిపాల్ వచ్చాడు. మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆమె ఫోను తీసి ఆ రికార్డును తుడిచేసింది. తుడిచేయమంటారా అని ఫోను అడిగింది, అవునంది. పోయింది. ఏమీ తేలిక కాలేదు.

"నీకు ముందే తెలుసా మహీ?"

"అనిపించింది."

"మరెందుకు చెప్పలేదు?"

"నువ్వు సంబరపడుతుంటె చెప్పబుద్ధి కాలే." మెట్టు మీది పెచ్చును గోటితో గీకాడు. "నేను గూడ నవ్విన గద. పాలిటెక్నిక్‌ల మొదటి దినం లేసి నిలబడి, మాది గా నల్లగొండ పక్కన ఊరు, నేను గాడికెంచి ఒచ్చిన అన్న. క్లాసంత నవ్వింది. సారు గూడ నవ్విండు. అద్దం ముంగట నిలబడి ఆర్నెల్లు నేర్చుకున్న చిలుక మాట. నువ్వు చిలుకకు నా గొంతు బాగుంటదంటె నాకు మస్తు గొప్పగ అనిపించింది. అమ్మ యాదికే రాలే."

సౌజన్య అతని చేయి పట్టుకోబోయి ఆగింది. పట్టుకునే ముఖం తనకు లేదనిపించింది. "పోనీ, తిప్పి రాస్తాను. చిలుకను మీ భాషలో మాట్లాడిస్తాను, తెలివైనది చేస్తాను. కాకి..."

"కాకి ఎవలైతరు మరి? మీ అమ్మనా?"

దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లో అమ్మ "ఏంటమ్మా, అలా చిక్కిపోయావు" అనే మాట స్టీలు బిందె చప్పుడుతో కలిసి ఆమె చెవుల్లో వినబడింది.

"పోయి అమ్మతోని మాట్లాడు" అన్నాడు మహిపాల్. "నేను రాను. నేనొస్తె నన్ను జూసి ఊకుంటది."

ఎండ ఇంకా గోడ మీద ఉంది. పెరట్లో అండాలమ్మ పీట వేసుకుని గునుగు పూలకు రంగులు అద్దుతోంది. మూడు గిన్నెల్లో గులాబీ, పచ్చ, నీలం నీళ్లు. తెల్లటి పూల కట్టను నీళ్లలో ముంచి, దులిపి, పాత పేపరు మీద ఆరబెడుతోంది. వేళ్లు మూడు రంగులూ కలిసిన రంగులో ఉన్నాయి. మీ అమ్మగారింట్ల బతుకమ్మ ఆడరు గద, మొదటి బతుకమ్మ ఈడనే ఆడుదువు అని పదిరోజులుగా చెబుతోంది ఆమె. ఆ పూలన్నీ అందుకోసమే.

సౌజన్య ఎదురుగా నేల మీద కూర్చుంది. చెప్పాలనుకున్నవన్నీ వరసగా పెట్టుకుని వచ్చింది. అన్నీ పోయాయి.

"అత్తయ్యా, నేను తప్పు చేశాను."

"ఏం తప్పు లేదు అమ్మా. పిల్లల బొమ్మలే కదా."

"అలా మాట్లాడకండి అత్తయ్యా. మీకు దణ్ణం పెడతాను. మామూలుగా మాట్లాడండి."

అండాలమ్మ చేతిలో కట్టను నీలం గిన్నెలో ముంచి, తీయకుండా అట్లాగే పట్టుకుంది. "ఎట్ల మాట్లాడితె నవ్వరు? చెప్పు, గట్లనే మాట్లాడుత."

సౌజన్య కళ్లలోంచి నీళ్లు కారాయి. చిన్నపిల్లలా ఏడ్చింది. ఏడుస్తూనే, ఇప్పుడు ఆ మాట వస్తుందని ఎదురుచూసింది. ఏం పరేషాన్ గాకు బిడ్డా. రాలేదు. ఎదురుచూసినందుకు ఇంకా సిగ్గేసింది.

"నేను సినిమాల నవ్విన" అంది అండాలమ్మ. "టీవీల గూడ నవ్విన. రౌడీ అయితడు, పనిమనిషి అయితది, తాగుబోతు అయితడు, మా లెక్క మాట్లాడుతరు. అందరు నవ్వుతరు, నేను గూడ నవ్వుత. టీవీ గద, బందు జేస్తె పోతది. ఇంట్లకొస్తదనుకోలే."

సౌజన్య తల దించుకుంది.

"ఒకటి అడుగుత. 'ఏంది వయా' అని నేనెప్పుడన్న అన్ననా?"

"లేదు."

"మీ ఆయన అన్నడా? జానయ్య అన్నడా? ఎల్లమ్మ అన్నదా?"

"లేదు అత్తయ్యా."

"మరి ఏడికెంచి తెచ్చినవ్?"

సౌజన్య ఆలోచించింది. ఎక్కడి నుంచి తెచ్చిందో తనకే తెలియదు. తెలియకుండానే నోటికి వచ్చింది. "సినిమాల్లోంచే అనుకుంటాను."

"గదీ!" అండాలమ్మ పూల కట్టను నీళ్లలోంచి తీసి ఒక్క విదిలింపు విదిల్చింది. నీలం చుక్కలు ఇద్దరి చీరల మీదా పడ్డాయి. "ఐదు నెలలు నాతోని ఒక్క గిన్నెల తిన్నవ్. తిని, నన్ను సినిమా జూసి జేసినవ్."

వరండాలో జానయ్య అన్నదాని కంటే, మెట్ల మీద మహిపాల్ అన్నదాని కంటే, ఈ మాట దగ్గర సౌజన్యకు ప్రాణం చచ్చిపోయింది. అత్తయ్యను చూసి ఎగతాళి చేశానని ఇంతసేపూ సిగ్గుపడింది. అత్తయ్యను చూడనే లేదన్నది ఇప్పుడు తెలిసింది.

"అండ్ల ఒక్కటే మాట నాది" అంది అండాలమ్మ. "గదెందుకు పెట్టినవ్ నవ్వులాటకు?"

"మీ మాటల్లో నాకు బాగా నచ్చింది అదే అత్తయ్యా."

అది నిజమే. నిజమైనందుకే ఇంకా అన్యాయంగా వినబడింది. అండాలమ్మ గులాబీ గిన్నెలో ఇంకో కట్ట ముంచింది. పేపరు మీద చోటు అయిపోతే సౌజన్య లేచి ఇంకో పేపరు తెచ్చి పరిచింది. వద్దనలేదు. కూర్చోమనీ అనలేదు. పది, పన్నెండు కట్టలు ఇద్దరూ కలిసి ఆరబెట్టారు.

"జానయ్య ఏమన్నడు పొయ్యేటప్పుడు?"

"మోటరు కాలిందని చెబుతానన్నారు."

"కాలిందా?"

"లేదు."

"మరి కాలని మోటరును కాలిందని ఎందుకు చెప్పాలె? ఈకలు కుట్టి కుట్టి నా కండ్లు వోయినయి. నా కాకి ఇంట్ల కూసుంటదా?" అండాలమ్మ వేళ్లు కొంగుకు తుడుచుకుంది. చీర పాడైపోతుందని కూడా చూసుకోలేదు. "రేపు పొద్దుగాల ఐదింటికి లెవ్వు. ముందుగాల నాగోలు దిక్కు పోయి ఇంకింత తంగేడు తెద్దాం, ఎల్లమ్మ పూలు సాలవు. ఆడికెంచి సీద టెంటు కాడికి. జానయ్యకు నువ్వే చెప్పు. పొద్దుమీకి గ్రౌండ్ల ఆడోళ్లకు గూడ నువ్వే చెప్పాలె, ముందు ఏం జేసినవో. నేను చెప్ప."

సౌజన్యకు గ్రౌండు, వంద మంది ఆడవాళ్లు, మైకు కళ్ల ముందు మెదిలాయి. "చెబుతాను."

"ఎట్ల చెప్తవ్?"

"మా అత్తయ్య భాషను కాకికి పెట్టి అందరినీ నవ్వించాలనుకున్నాను. తప్పని తెలిసింది. అని."

అండాలమ్మ ఆ మాటలను మనసులోనే ఒకసారి తూచి చూసుకుంది. "గంతే చెప్పు. మైకు కాడ ఏడ్వకు. ఏడిస్తె అందరు నిన్నే ఊకోవెడుతరు, నా సంగతి మర్చిపోతరు."

"ఏడవను."

"కాకికి మాట నేను చెప్త. నీ ఫోన్ల గాదు. బల్ల ఎన్క చీర కట్టు, నేను ఆడ కూసుంట. చిలుక నువ్వు మాట్లాడు, మీ అమ్మ మాట్లాడినట్టు మాట్లాడు. మావోని లెక్క పుస్తకం సదవకు. నువ్వేమడిగినా నా కాకి జవాబు చెప్తది, చూస్కో."

"ముక్కు మాత్రం మోటరు ఆడిస్తుంది అత్తయ్యా. మీరు ఆగినా అది ఆగదు."

"మోటరు దానిష్టమొచ్చినప్పుడు నోరు తెరుస్తది. నేను మాట్లాడినప్పుడే తెర్వాలె, నేను ఊకున్నప్పుడు మూయాలె. మోటరు పీకెయ్యమను వానికి. నువ్వు నా పక్కనే కూసొని, చిలుక మాటలు చెప్పుకుంటనే కాకి దారం గుంజు." లేచి, ఆరిన పూలను ఒక పక్కకు సర్ది, ఖాళీ గిన్నెలు సౌజన్య చేతికిచ్చింది. "రేపు మధ్యాహ్నం అన్నం తిన్నంక రెండు గంటలు కూసుందాం. నా నోటి మీదికెంచి కండ్లు తియ్యకుండ చూస్కుంట గుంజాలె. ఒక్క మాట తప్పినా మళ్ల మొదటికెంచే."